మామ మిగిల్చిన వైరు

మొన్న మదనపల్లె మార్కెట్టు దగ్గర టమోటా పెట్టెలతో నిండిన కరెంటు ఆటో ఒకటి, చప్పుడు లేకుండా ఎత్తు ఎక్కి నా పక్కనుంచి పోయింది. అందరికీ టమోటాలు కనబడి ఉంటాయి. నాకు మాత్రం పుంగనూరులో బోరు మోటార్లు బాగుచేసే మా మామ కనబడ్డాడు. ఆయన నన్ను అన్న మాట ఇంకా మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

అప్పట్లో కుప్పంలోని ఒక చిన్న కార్ఖానాలో ఆటోలకు ఇన్వర్టరు డిజైను చేసే పని నాది. బ్యాటరీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చే పెట్టె అది. లోపల కెపాసిటరుకూ స్విచ్చులకూ మధ్య దారి ఎంత పొడవైతే, స్విచ్చు ఆపిన ప్రతిసారీ వోల్టేజీ అంత ఎగిసి స్విచ్చులనే కాల్చేస్తుంది. అందుకే ఆ దారికి వైర్ల బదులు రెండు రాగి రేకులను, మధ్యన పలచని ప్లాస్టిక్ పొరతో, ఒకదానిమీద ఒకటి ఆనించి, బెత్తెడు పొడవు కూడా లేకుండా గీశాను. నమూనా బండి కొండదారి ఎక్కకపోతే ఇన్వర్టర్లు బయటే కొంటానని యజమాని ముందే చెప్పేశాడు. అంటే నా పని ముగిసినట్టే.

పెట్టె బిగించడానికి మామను నేనే పిలిపించాను. తంబళ్లపల్లె రైతుల స్టార్టరు డబ్బాల్లో ఆయన ఎప్పుడూ మూరెడు వైరు చుట్టి మిగిల్చేవాడు, కొన కాలితే కోసి మళ్లీ బిగించుకోవచ్చని. బోరు మోటార్లకు అది మంచి అలవాటే. నా రేకులు చూసి అందరి ముందూ నవ్వాడు.

“ఏంది పాపా ఇది, దోసె మీద దోసె పెట్టినట్టుండాది. రేపు కాలితే యాడ పట్టుకుని కోస్తావు?”

“ఈడ మిగిలిస్తేనే కాలేది మామా.”

“నువ్వు పుట్టకముందు నుంచి బిగిస్తాండా. సూస్తా ఉండు.”

యజమాని ఆయన మాటే విన్నాడు. రేకులు పక్కకు పోయి మూరెడు వైరు వచ్చింది. నమూనా బండిని కొండదారి ఎక్కించి చూస్తే, ఎత్తు మొదలై కరెంటు పెరగగానే బండి టప్పుమని ఆగింది. ఇంకొక్కసారి చూద్దామని యజమానిని బతిమాలి, కాలిన స్విచ్చులు మార్చి, నా రేకులు బిగించి, మామనే వెనక సీట్లో కూర్చోబెట్టాను. బండి పైదాకా ఎక్కింది. ఆయన దిగి, పెట్టె మీద చెయ్యి ఆనించి, “చల్లగానే ఉండాది” అన్నాడు. నాకు చెప్పిన మాట అనుకుందామంటే, చూపు ఇన్వర్టరు మీదే ఉంది.

ఇప్పుడు ఆయన షాపులోనూ కరెంటు ఆటోలు బాగవుతున్నాయి. పోయినసారి నేను వెళ్లేసరికి ఒక డ్రైవరుకు చెబుతున్నాడు: “ఈడ మాత్రం వైరు మిగలకూడదప్పా. మా పాపకూ నేనే చెప్పినా.” గుమ్మంలో నిలబడి విన్నాను. అదీ గుర్తుపెట్టుకున్నాను. కానీ ఎందుకో నవ్వొచ్చింది. రేపటికని ఆయన వైరు మిగిల్చుకుంటాడు, నేను కోపం మిగిల్చుకుంటాను. కాలం రెండింటినీ కొంచెం కొంచెంగా కురచ చేస్తూ వస్తోంది.