జనరేటర్ మోతలో సత్యవతి

పద్నాలుగేళ్లుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఇంటి పెళ్లిళ్లు, చావులు, పంట తీసిన తారీఖులు అన్నీ నోటికి చెబుతాను. ఒక్కటే, తెలిసి తప్పు చెప్పాను.

ఉప్పలగుప్తం దగ్గర మా తమ్ముడికి రొయ్యల చెరువు ఉండేది. ఒక సాయంత్రం గుండె ఆగి పోయాడు. తెల్లవారేదాకా శవం వాకిట్లోనే ఉంది. నేను నేల మీద పడి ఏడుస్తున్నాను. వాడి భార్య సత్యవతి కంట చుక్క లేదు. అంతలో కరెంటు పోయింది.

"వదినగారండీ, చెరువులో ఏరేటర్లు ఆగిపోతాయండి. జనరేటరేసి వచ్చేస్తాను."

"మొగుణ్ణి ఇక్కడ పడుకోబెట్టి రొయ్యలకి గాలి కొడతావేంటే?"

"గంట దాటితే అన్నీ చచ్చి తేలిపోతాయండి. మూన్నెల్లు కాసేరండి ఆయన."

వెళ్లిపోయింది. తిట్టి లాక్కొద్దామని వెనకే వెళ్లాను. జనరేటర్ నడుస్తోంది. షెడ్డు గోడకి నుదురు ఆనించి, నోరంతా తెరిచి అరుస్తోంది సత్యవతి. ఆ మోతలో గొంతు వినపడలేదు. ఆమెకి కనపడకుండా తిరిగొచ్చి కూర్చుని, చుట్టూ ఉన్న ఆడవాళ్లతో అన్నాను: "దానికి మొగుడికన్నా రొయ్యలే ఎక్కువ."

ఎందుకన్నాను? నా ఏడుపే అసలైనదని అనిపించుకోవడానికా? అప్పుడు నా ఒళ్లో తమ్ముడి కూతురు లావణ్య ఉంది. పదేళ్లది. వింది. ఇప్పుడు అమలాపురంలో ఉద్యోగం చేస్తూ తల్లి గడప తొక్కదు.

మెదడులో బాధని లేపే చోటు ఒకటి, అదుపు చేసే చోటు మరొకటి ఉంటాయనీ, ఆ అదుపు పుట్టుకతో కొంత, పెరిగిన తీరుతో కొంత ఏర్పడుతుందనీ, అందుకే అందరికీ ఒకేలా ఉండదనీ టీవీలో ఒక డాక్టరుగారు చెప్పారు. చిన్నప్పుడు నేను ఏడిస్తే ఇల్లంతా పరిగెత్తుకొచ్చేది. సత్యవతి, ఏడిస్తే బయట నిలబెట్టే ఇంట్లో పెరిగింది. ఆమె ఆపుకోవడం ఆమె చేతిలో లేదేమో. ఆపుకోలేకపోవడం నా చేతిలో లేదు. కానీ ఆ మాట అనడం? అది నా చేతిలోదే కదా?

లావణ్యకి చెప్పబోయాను, రెండుసార్లు. నోరు తెరవగానే ఏడుపు ముంచుకొస్తుంది. "ఊరుకో అత్తా. నాన్న కోసం ఏడ్చిందానివి నువ్వొక్కదానివే," అంటూ నా కళ్లు తుడుస్తుంది. నేను తుడిపించుకుంటాను.

వాళ్లమ్మ ఏడ్చింది. నేను చూశాను. ఇంతవరకు కాగితం మీద అనగలిగాను, ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ పిల్ల ఎదుట అనగలనో లేదో నాకు తెలియదు.