అదే ఆగుతది సార్!

కొత్త కారు కొని వారం కాలేదు. "ముందట ఏదన్న అడ్డమొస్తే కారు అదే ఆగుతది సార్, మీరు నిమ్మళంగ కూసోండ్రి" అని షోరూం సేల్స్‌మన్ చెప్పిన మాట నమ్మాను.

ఇస్నాపూర్ దగ్గర మా ముందు పోతున్న ట్రాక్టర్ ట్రాలీ ఆగింది. వెనక్కి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వల చివర ఎర్రగుడ్డ ఊగుతోంది. కారే ఆగుతుందని ధీమాగా కూర్చున్నాను.

"బ్రేకెయ్యుండ్రి!" అని పక్క సీట్లోంచి నా భార్య కేక పెట్టింది. నేను తొక్కేసరికే ఒక చువ్వ అద్దం పగలగొట్టుకుని వచ్చి ఆమె మెడకు జానెడు దూరంలో నిలిచింది.

మర్నాడు నిలదీస్తే అదే సేల్స్‌మన్, "గది ఊకె సాయానికే సార్. బ్రేక్ మీరే ఎయ్యాలె, కారుతోటి ఇచ్చిన పుస్తకంల రాసున్నది" అన్నాడు. అతని వెనక గోడమీద పోస్టర్‌లో ఒకాయన స్టీరింగ్ వదిలేసి, చేతులు తల వెనక పెట్టుకుని నవ్వుతున్నాడు.

పుస్తకంలో దాచిన ఆ ముక్క ఆ పోస్టర్ మీద రాస్తే కారు ఎవడు కొంటాడు? థూ!