బోణీ వేళ చెప్పిన ధర

పేర్లు కొని అమ్మడం నా పని. మనుషుల పేర్లు కాదు, ఇంటర్నెట్‌లో అంగళ్లకు ఉండే పేర్లు, డొమైన్లు అంటారే, అవి. తిరుత్తణిలో మా నాయన వెచ్చాల అంగడి పైన ఒక గది ఉంది. కింద బెల్లం, చింతపండు, శనక్కాయలు. పైన నేను, ఒక లాప్‌టాప్, రెండువందల దాకా పేర్లు. "మావాడు గాలి కొని గాలి అమ్ముతా ఉండాడు" అని అంగడికి వచ్చినవాళ్లతో మా నాయన అనేవాడు. ఆయన అంత తప్పేమీ అనలేదు.

గాలి బేరానికీ నియమాలున్నాయి. ఫోన్లో ఒకసారి చెబితే అవతలివాడు తప్పు లేకుండా రాసుకోగలిగిన పేరే కొనాలి. ఇంకొకరి కంపెనీ పేరు కొంటే అది బేరం కాదు, కోర్టు. మనకు నచ్చిందని కొనకూడదు, ఆ పేరు కావాలని తిరిగేవాళ్లు నలుగురైనా ఉన్నారా అని చూసుకోవాలి. అలాంటి పేర్లు అంతకు ముందు ఎంతకు పోయాయో తెలుసుకున్నాకే ధర చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరి పేరు వాళ్ల ఖాతాలోనే ఉండాలి. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇవన్నీ చెబుతుంటాను. శ్రీరంగ నీతులు చెప్పడంలో నాకు సాటి లేరు.

మా పెద్దమ్మ కూతురు తిరువళ్లూరులో ఉంటుంది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. కందిపొడి, కరివేపాకు పొడి, ఇడ్లీపొడి ఇంట్లోనే చేసి అమ్ముతుంది. బావకు ఆత్తిపట్టు కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని. ఉన్న నెల ఉంటుంది, లేని నెల లేదు. కాబట్టి ఇల్లు నడిచేది పొడుల మీదే. అమావాస్యకు కోవెలకు వచ్చే జనం ఒక పొట్లం కొనుక్కుపోతారు. అది అయిపోగానే పొట్లం మీద అచ్చేసిన పేరు చూసి, చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఫోన్లో ఆ పేరు కొట్టి ఆర్డరు పెడతారు. ఆ పేరు అక్క అత్తగారు పొడి డబ్బాను ముద్దుగా పిలిచే మాట. తెలుగువాళ్ల నోరూ తమిళుల నోరూ ఒకేలా తిరిగే మాట. దాన్ని ఇక్కడ రాయను. అదిప్పుడు నాది కాదు, అక్కదీ కాదు.

ఏడేళ్ల కింద దాన్ని డొమైనుగా కొనిచ్చింది నేనే. "నీ చేత్తోనే కొనరా. నీది మంచి కైరాసి" అంది అక్క. కైరాసి అంటే హస్తవాసి. తిరుత్తణి నుంచి మద్రాసు దాకా మేమంతా తమిళంలోనే అంటాం. ఆ మాటకు పొంగిపోయి డబ్బు తీసుకోలేదు. అక్క పేరుతో ఇంకొక ఖాతా తెరవడానికి బద్ధకించి నా ఖాతాలోనే పెట్టుకున్నాను. అక్క మెయిల్ చూసే మనిషి కాదులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. డొమైనుకు ఏటా డబ్బు కట్టాలి, కట్టకపోతే ఎవరైనా పట్టుకుపోవచ్చు. గడువు రాగానే అక్కకు చెప్పకుండా నేనే కట్టేవాణ్ణి.

పోయిన సంవత్సరం ఆయుధపూజ మరునాడు, లాప్‌టాప్‌కు పెట్టిన పసుపు కుంకుమ ఇంకా ఆరకముందే, చెన్నై నుంచి ఒక మధ్యవర్తి మెయిల్ వచ్చింది. తన పార్టీకి ఆ పేరు కావాలట. అమ్ముతారా అని అడిగాడు. కొత్త లెక్క మొదలుపెట్టిన రోజు, తొలి బేరం.

మా ఇంట్లో బోణీ వేళ "లేదు" అనకూడదు. సరుకు లేకపోతే మా నాయన "వస్తా ఉండాది, కూచోండి" అంటాడు. సరుకు ఉండీ అమ్మడం ఇష్టం లేకపోతే, వచ్చినవాడు తనంతట తానే లేచిపోయేంత ధర చెబుతాడు. లేదన్న మాట పొద్దున్నే అంగట్లో పడితే రోజంతా అదే పలుకుతుందని ఆయన నమ్మకం. నేనూ ఆ గల్లాపెట్టె పక్కనే పెరిగినవాణ్ణి. "ఇది మా అక్క పేరు, అమ్మకానికి లేదు" అని రాస్తే ఒక్క వాక్యంతో పోయేది. రాయలేదు. అప్పటిదాకా నా చేతుల మీద ఏ పేరూ పోనంత ధర రాసి పంపాను. లేచిపోతాడని.

కిందికి వెళ్లి కాఫీ తాగి వచ్చేసరికి వాడు ఒప్పుకున్నాడు.

అమ్మకూడని దానికి ధర చెప్పకూడదన్న నియమం నేను ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అంతవరకూ నాకే తెలియదు. మా ఇంట్లో ఇంకొక పట్టింపు కూడా ఉంది. చెప్పిన ధర వెనక్కి తీసుకోకూడదు. దాని వెనక దాక్కున్నాను. డబ్బు మూడో మనిషి దగ్గర పెట్టి, పేరు చేతులు మారాక విడిపించడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో తిరువళ్లూరుకు ఒక్క ఫోను చేసి అక్కను అడిగి ఉండొచ్చు. "నీ పేరుకు ఇంత వస్తోంది, ఇద్దామా?" అంటే సరిపోయేది. ఇద్దామనే అనేదేమో. కానీ అప్పుడు డబ్బు ఆమెకే ఇవ్వాలి. అందుకే అడగలేదు. ముక్కూ మొహం తెలియనివాడికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని చెప్పుకున్నాను గానీ, నాకు ఆశ పుట్టింది, అంతే.

వారం తిరగకుండానే అక్క ఫోను.

"రేయ్, మన పేరు కొడితే ఎవురివో పొడులు వస్తా ఉండాయి. మనది యాడికి పొయ్యింది?"

"గడువు తప్పినట్టుండాదిక్కా. ఎవురో పట్టేసినారు."

అక్క మెల్లగా అంది. "నా ఫోనుకు దినామూ ఏమేమో మెసేజీలు వస్తాయి. చదవకుండానే తీసేస్తా ఉంటా. దాంట్లో ఇదీ పొయ్యింటుంది. తప్పు నాదేరా. నువ్వు ఊరికే ఇచ్చినదాన్ని కాపాడుకోలేకపోతిని."

గడువు మెసేజీలు నా మెయిలుకే వస్తాయి, నీ ఫోనుకు రావు అని చెప్పాల్సింది. "పర్వాలేదులేక్కా" అన్నాను. నేనే ఆమెను క్షమించినట్టు.

తిరిగి కొందామని మధ్యవర్తికి రాశాను. అమ్మకానికి లేదు అని ఒక్క ముక్కలో జవాబిచ్చాడు. వాళ్లకు బోణీ పట్టింపులు లేవు.

ఒక ఆదివారం తిరువళ్లూరు వెళ్లాను. ఇల్లంతా వేయించిన కందిపప్పు వాసన. అచ్చేసిన కవర్లు మూటలు మూటలుగా ఉన్నాయి, పారెయ్యడానికి మనసొప్పక అక్క పాత పేరు మీద తెల్ల చీటీలు అంటిస్తోంది. నేనూ కింద కూర్చుని అంటించాను. పనికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లలో ఒకామె కనిపించలేదు. ఆర్డర్లు తగ్గాయి కదా, కొన్నాళ్లు రావద్దన్నానని అక్క చెప్పింది. కే.జీ.కండిగై సంత నుంచి నెలకు రెండు బస్తాలు దిగే ఎండుమిరపకాయలు ఇప్పుడు ఒక్క బస్తానే దిగుతున్నాయట. చీటీ కింద నుంచి పేరు కొంచెం కనిపిస్తూనే ఉంది. మధ్యాహ్నం అక్క నాకు అదే కందిపొడి, నెయ్యి వేసి అన్నం పెట్టింది. తిన్నాను.

ఎండాకాలంలో అక్క పొద్దున్నే రైలెక్కి తిరుత్తణి వచ్చింది. కొత్త పేరు కావాలట. నా గదిలోకి అడుగు పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటూ పైకి చూసింది.

"ఏసీ పెట్టించినావా? ఎప్పుడు?"

"ఆయుధపూజ అయినాక."

"బాగుండాది. ఈ ఎండకు మేడ మీద ఎట్లా కూచుంటాడో అని అనుకుంటా ఉంటిని" అంది. నిజంగానే సంతోషపడింది. నేను కుర్చీని ఆ చల్లగాలి కిందికి జరిపి ఆమెకు వేశాను.

ఈసారి అన్నీ పద్ధతిగా చేశాను. ఆమె పేరున ఖాతా, ఆమె ఫోను నంబరు, పదేళ్ల గడువు. ఎంతయిందని అడిగింది. వద్దన్నాను.

"వద్దనేదే వద్దు. మొదటిది ఊరికే తీసుకున్నా, అందుకే నిలవలేదు. ఇది నీకు బోణీ. బోణీకి కాదనకూడదని మీ నాయన దగ్గర నేర్చుకోలేదా?"

నోట్లు నా చేతిలో పెట్టి, ఆ చేతిని పట్టుకుని తన కళ్లకు అద్దుకుంది. "ఏమైనా నీ కైరాసి కైరాసే" అంది.

చేతిని వెనక్కి తీసుకోలేదు. ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. మా నాయన నన్ను అంగట్లో పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించాడు. అక్క తమిళ బడిలో చదువుకుంది. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గానీ ఒక్క ముక్క చదవడం రాదు. అది తెలిసే తెలుగులో రాస్తున్నాను.