హెడ్‌లైటు వెనక మూటలు

మా అన్నయ్యకి ఒక పాత అంబాసిడర్ ఉంది. మీగడ రంగుది. పెళ్ళికొడుకు ఊరేగింపుకి పాత కారే కావాలనేవాళ్ళు పాలకొల్లు చుట్టుపక్కల ఇప్పుడు ఎక్కువయ్యారు కాబట్టి, మూఢం రోజులు తప్పిస్తే అది షెడ్డులో ఉండేది తక్కువ. నడిపేది అన్నయ్యే. నేను వాళ్ళింటి మేడ మీదే ఉంటాను. అన్నయ్య దానికి చేసే సేవ చూస్తే నాకు ఒళ్ళు మండేది. తమ్ముడికి జ్వరమొస్తే మాత్ర తెచ్చివ్వని మనిషి, కారు మీద చినుకు పడితే పట్టా పట్టుకుని పరిగెత్తేవాడు.

అలాంటి కారుకి పోయిన వేసవిలో ముఖం చెడింది. ముందు మడ్‌గార్డులు రెండూ హెడ్‌లైట్ల చుట్టూ బొబ్బలెక్కాయి. అన్నయ్య ఒక బొబ్బని గోటితో గీకితే వేలు లోపలికి దిగిపోయింది. వేలు వెనక్కి తీసుకుని చాలాసేపు దాన్నే చూసుకున్నాడు. డిక్కీ, తలుపులు, అడుగు రేకు అన్నీ బాగానే ఉన్నాయి. ముందు భాగమే ఎందుకు కుళ్ళిందో ఎవరికీ అంతుపట్టలేదు.

విప్పుతుంటే చూడలేనని అన్నయ్య అనడంతో టింకరింగ్ షెడ్డుకి నేనే తీసుకెళ్ళాను. మేస్త్రీ బోల్టులు విప్పి ఎడమ మడ్‌గార్డు దించుతుంటే సగం రేకు పొడిపొడిగా రాలింది. దాంతోపాటు నల్లగుడ్డ మూటలు కింద పడ్డాయి. హెడ్‌లైటు వెనక సందు నిండా అవే కుక్కి ఉన్నాయి. పాతవి చివికి ఒకదానికొకటి అంటుకుపోయాయి, కొత్తవి ఇంకా తడిగా ఉన్నాయి. ఒకటి విప్పి చూస్తే వాడిన నిమ్మకాయ, ఎండుమిరపకాయలు, గుప్పెడు రాళ్ళ ఉప్పు.

మేస్త్రీ చేతులు కడుక్కుని వచ్చాడు. "దిష్టి మూటలండి. బంపరుకి కట్టడం చూశాను గానీ ఇలా లోపల దాచడం చూళ్ళేదండి," అన్నాడు. తర్వాత ఛాసిస్ మీద వేలు పెట్టాడు. "స్టీరింగు బిగించింది ఇక్కడండి. తుప్పు దాని పక్కదాకా వచ్చేసింది. ఇలాగే వదిలేస్తే ఎప్పుడో నడుస్తుండగానే ఊడొచ్చేదండి."

ఎవరు కట్టారో నేను అడగక్కర్లేదు. మా వదిన. పెళ్ళికి ముందు ఆవిడ పుట్టింటి అన్నగారు కాలువ గట్టు మలుపులో కారుతో సహా నీళ్ళలో పడి చనిపోయారు. మా వైపు ఏ పెళ్ళికి వెళ్ళాలన్నా కాలువ గట్టు ఎక్కక తప్పదు. అందుకని అమావాస్య అమావాస్యకీ ఒక మూట కట్టి లోపలికి తోసేది. పైకి కనిపిస్తే పని చెయ్యదట, పాతది తీస్తే అరిష్టమట. ఉప్పు తేమని పట్టి ఉంచింది, తేమ రేకుని తినేసింది. మొగుడు బతకాలని పెట్టిన ఉప్పు స్టీరింగు వైపే పాకుతోంది.

నాకు నోరాగదు. ఇంటికి రాగానే, "దిష్టి సంగతేమో గానీ వదినా, నీ ఉప్పే కారుని తినేస్తోంది," అన్నాను. ఆవిడ కోప్పడలేదు.

"మా అన్నయ్య కారుకి ఏమీ కట్టలేదయ్యా," అంది. "దానికి తుప్పూ లేదు."

స్టీరింగు సంగతి అన్నయ్యకి చెప్పాను. "మూటలు మానిపిస్తే ఆవిడకి నిద్ర పట్టదురా. రేకు పోతే మళ్ళీ వేయించుకుందాం," అని తేల్చేశాడు.

కుళ్ళిందంతా కోసేసి, కొత్త రేకు వంచి వెల్డింగ్ చేశారు. లప్పం పెట్టి, రుద్ది, రంగు కొట్టారు. కారు నిగనిగలాడుతూ ఇంటికొచ్చింది. వీధిలో పోయే ప్రతివాడూ ఆగి మెచ్చుకోవడం, వదిన ముఖం వాడిపోవడం. వచ్చిన అమావాస్యకి చెరో పక్కనా ఒక్కో కొత్త మూట పెట్టింది.

ఆ సాయంత్రమే నేను బానెట్ ఎత్తి రెండూ విప్పేశాను. ఉప్పూ నిమ్మకాయలూ దొడ్లో పారబోసి, గులకరాళ్ళు నింపి, అదే ముడి వేసి, అక్కడే పెట్టాను. తర్వాతి అమావాస్యల మూటలకీ అదే పని చేశాను. మహా తెలివైన పని చేశాననుకున్నాను.

శ్రావణంలో పెనుగొండ వైపు ఒక పెళ్ళి తగిలింది. మధ్యాహ్నం నుంచీ వదలని వాన. నాలుగింటికల్లా వస్తానన్న అన్నయ్య ఆరవుతున్నా రాలేదు. ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు. కాసేపటికి మోగడం కూడా మానేసింది. ఆ నెలలో కాలువ గట్టు అంచుదాకా ఎర్రనీళ్ళే ఉంటాయి. కొత్త రేకు గట్టిదే, స్టీరింగు గట్టిదే, మేస్త్రీ సుత్తితో కొట్టి మరీ చూపించాడు. అన్నీ తెలిసి కూడా గొడుగేసుకుని గేటుదాకా వెళ్ళి వస్తూనే ఉన్నాను. దొడ్లో నేను ఉప్పు పోసిన చోట గడ్డి మాడిపోయి ఉంది. అటు చూడకూడదనుకుంటూనే చూశాను.

వదిన వరండాలో బీరకాయలు చెక్కు తీస్తోంది. "కాలు కాలిన పిల్లిలా ఏంటయ్యా ఆ తిరుగుడు? కూర్చో," అంది. "కారులో మూటలున్నాయిగా. ఆయనకేం కాదు."

కారు బయటికెళ్ళినప్పుడు ఆవిడ అంత నిశ్చింతగా ఉంటుందని నాకప్పటిదాకా తెలీదు. ఉన్నవి గులకరాళ్ళని చెప్పడానికి, నోరాగని నాకే నోరు రాలేదు.

చీకటి పడ్డాక అన్నయ్య వచ్చాడు. దారికి అడ్డంగా చెట్టు పడిందట, ఫోనులో చార్జింగు అయిపోయిందట. వదిన నా వైపు చూసి, "చెప్పానా," అని కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

ఆదివారం ఇంకో పెళ్ళి ఉంది. ఉప్పు తిరిగి పెట్టనూ లేను, తీసేశానని చెప్పనూ లేను. కారు తిరిగొచ్చేదాకా వదిన హాయిగా వంట చేసుకుంటుంది. గేటు పట్టుకుని నిలబడేది ఇక నేనే.