నేనూ నవ్వాను

యుద్ధం నడుస్తున్న రోజులు. మదనపల్లె కాలేజీలో మాది బి.ఏ. ఆఖరి ఏడు. నా గదిలోనే ఉండే కుప్పం రైతుబిడ్డ మునెప్పను, ఒక్కసారైనా వేదికెక్కమని ఇంగ్లీషు వక్తృత్వ పోటీకి నేనే ఒప్పించాను.

“నాకు బయమప్పా.”

“ముందు వరసలో నేనుంటాను కదా,” అన్నాను.

రెండు వాక్యాలు చెప్పి, మిగతాది మర్చిపోయాడు. హాలంతా నవ్వింది. నావైపు చూశాడు. నేనూ నవ్వుతున్నాను.

మర్నాడు చెప్పకుండా ఊరెళ్లిపోయాడు. పరీక్షలకూ రాలేదు. సెలవుల్లో వాళ్లింటికి వెళితే, నన్ను చూసి చేలోకి వెళ్లిపోయాడు.

వాళ్ల నాయన నాకు సంగటి పెట్టి, “ఆడ ఏం జరిగిందప్పా? వాడు నోరు తెరవకుండా ఉండాడు. స్నేహితుడివి, నువ్వన్నా చెప్పు,” అన్నాడు.

తెలియదన్నాను. పిరికివాడు మునెప్ప కాదని ఆ పూటే తెలిసింది.