మూడు డొప్పల జీలుగు కల్లు

మొన్న చలికాలం చివర్లో మా చెల్లెలి కూతురూ అల్లుడూ "పెద్దమ్మా, నువ్వు ఉద్యోగం చేసిన కొండలు మాకూ చూపించు" అని నన్ను బయల్దేరదీసి అరకు తీసుకెళ్ళారు. కొండలు చూసే ముందు, దిగిన రిసార్టులో వైన్ రుచి చూపించే కార్యక్రమం ఒకటి ఉందన్నారు. పొడుగాటి బల్ల మీద తెల్లగుడ్డ, మనిషికి నాలుగు గాజు గ్లాసులు, ఒక మట్టి ముంత. నల్ల ఏప్రన్ కట్టుకున్న ఒకతను గ్లాసు ఎలా పట్టుకోవాలో, ఎలా తిప్పాలో, ముక్కు ఎంత లోపలికి పెట్టాలో చెబుతున్నాడు. "వెంటనే మింగకండి. నాలుక మీద కాసేపు ఉంచండి" అన్నాడు. అరవై దాటిన రిటైర్డ్ నర్సుని, నాకు ఇదేం చోద్యం అనుకుంటూనే చెప్పినట్టల్లా చేశాను. తెల్లది, చల్లటి నీళ్ళలో పచ్చి జామకాయ నానేసినట్టు వగరుగా ఉంది. గులాబీ రంగుది నోట్లో పెట్టుకోగానే పెళ్ళిళ్ళలో మొహాన చల్లే పన్నీరు గుర్తొచ్చి, చీర తడిసిందేమోనని చూసుకున్నాను. బుడగలు వచ్చేది గోలీసోడాకి దూరపు చుట్టం. ఎర్రది మాత్రం, అబద్ధమెందుకు, నాకు నచ్చింది. నేరేడుపళ్ళు తిన్నాక నాలుక పట్టేసినట్టు, వెనకాల ఎక్కడో కాల్చిన చింతపిక్క వాసన. ఇంకొంచెం పొయ్యమని అడుగుదామనుకుంటుండగా అతను మట్టి ముంత ఎత్తి చూపించాడు.

"చివరగా ఇది ట్రైబల్ వైన్. జీలుగు కల్లు. దీన్లో రుచులు వెతక్కండి సార్. వీళ్ళకి టేస్టింగ్ కల్చర్ లేదు. కిక్కు కోసం తాగుతారు, అంతే" అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. మా అల్లుడూ నవ్వాడు. నేను ముంత నోటి దగ్గర పెట్టుకున్నాను. పంచదార నీళ్ళు, ఫ్రిజ్జు వాసన, పైన ఏదో ఎసెన్సు, అడుగున రెండు రోజుల పాత పులుపు. జీలుగు చెట్టు వాసన దూరం నుంచైనా తగల్లేదు. ముంత బల్ల మీద పెట్టేసి లేచి నిలబడ్డాను.

నా మొదటి పోస్టింగ్ అనంతగిరి పైన, జీపు కూడా సగం దారిలో ఆగిపోయే ఒక ఊళ్ళో. శృంగవరపుకోట దగ్గర పుట్టి పెరిగినదాన్ని. మా ఇంట్లో కల్లు అనే మాట ఆడవాళ్ళు పైకి అనేవారు కాదు. ఇరవై రెండేళ్ళ దాన్ని, ఒక ట్రంకు పెట్టె, ఒక కిరసనాయిలు స్టవ్వూ పట్టుకుని వెళ్ళాను. సబ్‌సెంటర్ వెనక ఇంట్లో ఒక ముసలాయన ఉండేవాడు. ఊరంతా తాత అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన ఆస్తి కొండవాలులో రాగులు పండే కాస్త చోడిచేను, గెడ్డవాగు ఒడ్డున తాటిచెట్టుకి చుట్టమైన ఒక జీలుగు చెట్టు. ఆ చెట్టు వాళ్ళ నాన్న కాపాడి పెంచిందట. కణుపులు వదిలి చెక్కిన ఒంటి వెదురు ఆనించుకుని పొద్దున్నే పైకెక్కేవాడు. గెల కొన సన్నగా చెక్కి, కిందకి దిగి, ఆనపకాయ బుర్రలోని కల్లు వడకట్టి, వచ్చిన వాళ్ళందరికీ అడ్డాకు డొప్పల్లో పోసేవాడు. నన్ను చూసి "నర్సమ్మ గుంటకి కాదర్రా ఇది" అని నవ్వేవాడు. నేను మొహం తిప్పుకునేదాన్ని. సారా తాగొచ్చిన మొగుళ్ళు కొట్టిన ఆడవాళ్ళకి కట్లు కట్టీ కట్టీ నాకు తాగుడంటేనే ఒళ్ళుమంట. కల్లుకీ సారాకీ తేడా ఉందని ఎవరైనా చెబితే వినే మనిషిని కాదు.

రెండో ఏడు ఎండాకాలంలో పైనుంచి కొందరు ఆఫీసర్లు వచ్చి ఊరి పక్క బంగళాలో దిగారు. ఏ ఆఫీసో రాయను, రాసినా ఇప్పుడు ఎవరికీ పట్టదు. పొద్దుటినుంచీ వాళ్ళు తెచ్చుకున్న సీసాలు తాగారు. మధ్యాహ్నం తాతని పిలిచి కల్లు తెప్పించుకున్నారు. సాయంత్రానికి వాళ్ళలో ఒకడు కక్కుకుంటూ నా దగ్గరకొచ్చాడు. సెలైన్ పెట్టాను. అతని నోట్లోంచి వచ్చిన వాసన ఏ సీసాదో నాకు తెలుసు, పొద్దుటినుంచీ మెతుకు ముట్టలేదని అతనే చెప్పాడు. చీకటి పడకముందే తేరుకుని నడిచి వెళ్ళాడు.

తెల్లారి పెద్దాఫీసరు సబ్‌సెంటర్ ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఎదురుగా తాత, చేతులు కట్టుకుని. "పురుగుమందు కలిపావా, యూరియా కలిపావా, నిజం చెప్పు."

"నానేటీ కలపనేదు బాబూ. సెట్టు ఇచ్చింది ఇచ్చినట్టే తెచ్చినాను" అన్నాడు తాత.

ఆఫీసరు వినలేదు. కాగితం ఒకటి నా ముందు పెట్టి, కల్తీ కల్లు వల్ల అస్వస్థత అని రాశాం, సంతకం చెయ్యి అన్నాడు. జీపు సిద్ధంగా ఉంది, తాతని పాడేరు పోలీస్ స్టేషనుకి తీసుకెళతారట. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా అన్నాను, "సార్, అదే బుర్రలోది ఊరంతా తాగింది. ఎవరికీ ఏమీ కాలేదు."

"వాళ్ళ సంగతి వేరమ్మా. అవి రాతి కడుపులు, ఏం పోసినా అరుగుతుంది. మనవి మైదానం కడుపులు" అన్నాడాయన, నన్నూ తన వైపు కలుపుకుంటూ.

ఆ 'మన' అనే మాట నన్నెంత మండించిందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆ ఊళ్ళో పిల్లలు నీళ్ళ విరేచనాలతో నా చేతుల్లో చచ్చిపోవడం చూసిన దాన్ని. రాతి కడుపులట. "నాదీ మైదానం కడుపే సార్. నిన్నటి కల్లు ఇంకా బుర్రలో ఉంది కదా, తెప్పించండి. నేను తాగుతాను" అన్నాను. తాత గాభరాపడిపోయాడు. "ఒద్దే గుంటా, నీకెందుకీ గొడవ? మీ ఇంట్లో తెలిస్తే ఏటవుద్ది?" అన్నాడు. ఆయన్ని జీపెక్కించబోతున్నారు, ఆయన దిగులు మా ఇంటి పరువు గురించి!

మూడు డొప్పలు తాగాను. నేను జన్మలో మొదట రుచి చూసిన కల్లు అది. రాత్రంతా పులిసి, ముక్కులోకి గుచ్చుకునే పులుపు. మొదటి డొప్ప ముక్కు మూసుకుని, రెండోది కోపంతో. మూడోది తాగేటప్పుడు ఆ పులుపు వెనకాల ఏదో తియ్యగా తగిలి, ఇదేమిటబ్బా అనుకోవడం గుర్తుంది. తర్వాత బెంచీ మీద కూర్చుని, చెయ్యి వణకడం లేదని చూపించడానికి పిల్లల బరువుల రిజిస్టరు రాశాను. గంట గడిచింది. నాకేమీ కాలేదు, ఒక్కటి తప్ప. ఆఫీసరు వాచీ చూసుకున్నప్పుడల్లా నాకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. ఊరివాళ్ళూ తలలు దించుకుని నవ్వుకున్నారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తాతని వదిలేసి వెళ్ళిపోయాడు.

గెలిచామనుకున్నాను. తాతతో పాటు గెడ్డ దగ్గరకి వెళ్ళి చూస్తే చెట్టు నేల మీద పడి ఉంది. మమ్మల్ని విచారణకి కూర్చోబెట్టే ముందే పెద్దాఫీసరు ఇద్దరు మనుషుల్ని గొడ్డళ్ళతో పంపించాడట. నరికిన గెల కొన నుంచి ఇంకా చుక్కలు కారుతూనే ఉన్నాయి. తాత ఆ కొన కింద దోసిలి పట్టి కూర్చున్నాడు. నేను బంగళాకి పరుగెత్తాను. జీపు కదులుతోంది. ఆఫీసరు కిటికీలోంచి తల బయటపెట్టి, "మావాళ్ళు కొంచెం తొందరపడ్డారమ్మా" అన్నాడు. అంతే. నెల తిరక్కుండా నాకు మెమో వచ్చింది, డ్యూటీలో కల్లు తాగానని. తాగాను, ఎందుకు తాగానో ఇదీ అని నాలుగు పేజీల జవాబు రాశాను. దానికి ఎవరూ జవాబివ్వలేదు.

మరుసటేడు తాత తన బావమరిది చెట్టు నుంచి ఒక డొప్ప తెచ్చాడు. "రుసి సూడు నర్సమ్మా. బేగి మింగీకు, నాలిక మీదుంచు" అన్నాడు. పొద్దుటి కల్లు, లేత కొబ్బరినీళ్ళలో దోసకాయ వాసన. అప్పటినుంచి ఆయనే నాకు నేర్పాడు. గెడ్డ ఒడ్డు చెట్టుది పలచన, రాతినేల చెట్టుది చిక్కన, చివర కాస్త చేదు. గెల కొత్తగా కోసినప్పుడు ఒక రుచి, ముదిరాక ఒక రుచి. ఎండెక్కాక నురుగుతో నాలుక మీద చిటపటలాడేది, సాయంత్రానికి పుల్లమజ్జిగ. కళ్ళు మూసుకుని ఒక్క గుక్క తాగి, ఇది ఫలానా వాళ్ళ చెట్టుది, నిన్న వాన తగిలింది అని చెప్పగలిగేవాడు. అన్నిసార్లూ నిజమే అయ్యేది. ఈయనకి టేస్టింగ్ కల్చర్ లేదట!

ఇదంతా ఆ తెల్లగుడ్డ బల్ల దగ్గర నిలబడి చెప్పాను. మా పిల్ల నా చీర కొంగు లాగుతూ "పెద్దమ్మా, ఊరుకో" అంటూనే ఉంది. ఏప్రన్ అతను చివరిదాకా విని, "మేడమ్, గెస్టులకి సూటయ్యేలా తయారుచేశాం" అన్నాడు. "అయితే పేరు మార్చండి. పంచదార నీళ్ళని రాసుకోండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. గదికి వెళుతుంటే అల్లుడు మెల్లగా, "సారీ అత్తయ్యా" అన్నాడు. మా పిల్ల మాత్రం, "ఇంతకీ నువ్వు ఎన్నేళ్ళు తాగావు?" అని అడిగింది.

చెట్టు పోయిన ఏడాదే తాత గెడ్డ ఒడ్డున మరో జీలుగు మొక్కని కంచె కట్టి కాపాడాడు. అది గెల వెయ్యడానికి పదిహేనేళ్ళు పైనే పట్టింది. నాకు మైదానానికి ట్రాన్స్‌ఫర్ వచ్చిన ఏడే మొదటి కల్లు దిగింది. అప్పటికి ఆయన ఎక్కలేడు, కొడుకు దింపితే వణికే చేతులతో డొప్ప పట్టుకుని సబ్‌సెంటర్ మెట్ల దాకా తెచ్చి ఇచ్చాడు. జీలుగు కొన్నేళ్ళు కల్లిచ్చి తనంతట తానే ఎండిపోతుంది. ఆ చెట్టు ఈపాటికి ఉండదు, తాతా లేడు. నీ వయసెంత తాతా అని అడిగితే ఆయన ఏళ్ళు చెప్పలేక, నాలుగు చెట్ల కాలం బతికాను అనేవాడు. ఆ లెక్కన నా కోపానికి కూడా రెండు చెట్ల వయసు దాటింది.