చలమ్మత్త తెచ్చుకున్న మంచాలు

మా కింది వాటావాళ్ళు తలుపులకు పాలిష్ పెట్టిస్తున్నారు. పొద్దున్న కాఫీకి పాలు కాస్తుంటే లక్క, స్పిరిట్ కలిసిన వాసన వంటింటి కిటికీలోంచి గుప్పుమంది. స్పిరిట్ వాసన తగిలితే ఎవరికైనా ఆసుపత్రి గుర్తొస్తుంది, సూది గుర్తొస్తుంది. నాకు మాత్రం ఈ భిలాయిలోనే మేమున్న పాత సెక్టార్ క్వార్టర్ వెనక పెరడు, అందులో తలకిందులుగా తిప్పిపెట్టిన ఒక మంచం, దాని పక్కన కొంగు బొడ్లో దోపుకుని కూర్చున్న చలమ్మత్త గుర్తొస్తారు. పాలు పొంగిపోయాయి. పొంగనీ అనుకుని అక్కడే నిలబడిపోయాను. ఆవిడను ఎరిగినవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పుడు పెద్దగా లేరు. ఆవిడ గురించి ఎవరైనా రాయాలంటే నేనే రాయాలి.

తొంభైల మొదట్లో పెళ్ళయి, బొబ్బిలి నుంచి భిలాయి వచ్చాను. మావారికి ఉక్కు ప్లాంటులో ఫర్నేసు దగ్గర పని, మూడు షిఫ్టులు. ఉద్యోగం ఆయనది, శిక్ష నాది. రాత్రి డ్యూటీ వారంలో ఆయన పగలంతా నిద్రపోతారు కాబట్టి గిన్నె చప్పుడు కాకూడదు, రేడియో పెట్టకూడదు, కుక్కర్ కూత వెయ్యకూడదు. పగటి డ్యూటీ వారంలో ఎంత చప్పుడైనా చేసుకోవచ్చు, వినేవాళ్ళే ఉండరు. నాకు హిందీ రాదు. కూరలమ్మే మనిషి "క్యా లోగే దీదీ?" అని అడిగితే తల అడ్డంగా ఊపేసి లోపలికి పారిపోయేదాన్ని. ఒంటరితనం అంటే ఏడుపు వస్తుందనుకునేదాన్ని. రాదు. నోరు ఎండిపోతుంది, అంతే. సాయంత్రం ఎవరైనా పలకరిస్తే గొంతు సవరించుకుంటే గానీ మాట పెగిలేది కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం పెరటి గోడ అవతల నుంచి గరగరమని చప్పుడు వినిపించింది. తొంగి చూశాను. ఏభై దాటిన ఒక ఆవిడ మంచం కోడును, అదే మంచం కాలును, తన కాళ్ళ మధ్య బిగించుకుని, వంగి దాన్ని రుద్దుతున్నారు. వెనక దండెం మీద నర్సు తెల్లచీర ఆరుతోంది. ఆవిడ పేరు సింహాచలమ్మ అని, టౌన్‌షిప్ ఆసుపత్రిలో నర్సు అని, శ్రీకాకుళం వైపు మనిషని, క్రేన్ ఆపరేటరుగా పనిచేసిన భర్త పోయాడని, పిల్లలు లేరని నాకు తర్వాత తెలిసింది. ఆవిడ మాత్రం ఆరోజు నా పేరు కూడా అడగలేదు.

"ఏటమ్మా, గోడ పట్టుకుని అలాగుండిపోనావు? పనేటీ లేకపోతే ఇలా రా. ఈ కోడు కదలకుండా పట్టుకో" అన్నారు.

వెళ్ళాను. నా చేతిలో ఒక రేగ్‌మాల్ ముక్క పెట్టారు. మన ఉప్పుకాగితమే, ఇక్కడ అందరూ అలాగే అంటారు. నేను అడ్డదిడ్డంగా రుద్దుతుంటే పకపకా నవ్వారు.

"ఓలమ్మో, దాని ఒళ్ళంతా గీసిపారేస్తన్నావు! కర్ర ఎటు సాగితే అటే రుద్దాల. పసిపిల్లకి నూనె రాస్తావు కాదేటి, అలాగ."

ఆ సాయంత్రం నా జుట్టునిండా కర్రపొట్టే. నిద్ర లేచి వచ్చిన మావారు నా ముఖం చూసి "ఎవరైనా వచ్చారా?" అని అడిగారు. ఎవరూ రాలేదు, నేనే వెళ్ళానని చెప్పాను. ఎంత సంతోషంగా చెప్పానో నాకే తెలిసింది.

అప్పటినుంచి ఆవిడ ఇంట్లో ఉన్న పూటలన్నీ నేను ఆ పెరట్లోనే ఉండేదాన్ని. పాత మంచాలు తెచ్చి విప్పేవారు. పొడుగు పట్టెలు బల్లలయ్యేవి, తలాపు పలక ఆ బల్లకు వీపయ్యేది, మంచం కోళ్ళు సగానికి కోయించి పీటలకు కాళ్ళు పెట్టేవారు. కోళ్ళ మీద చెక్కిన పువ్వుల సందుల్లో ఏళ్ళతరబడి పేరుకున్న మురికిని పాత టూత్‌బ్రష్‌తో తోమడం నా వంతు. మంచాన్ని మంచంగా మాత్రం ఎప్పుడూ ఉంచేవారు కాదు. ఆవిడ ముందుగది బల్లలతో నిండిపోయింది. కూర్చోవడానికి అంత చోటున్న ఇల్లు మా వీధిలో మరొకటి లేదు. కూర్చునేది నేనొక్కదాన్నే.

ఆ మంచాలు ఎక్కడివో క్యాంప్ 2 అనే బస్తీకి ఆవిడ వెంట వెళ్ళిన రోజున తెలిసింది. సన్నటి సందులో ఒక ఇంటిముందు, మురిక్కాలువ పక్కన టేకు మంచం నిలబెట్టి ఉంది. గుండు మీద అప్పుడప్పుడే జుట్టు మొలుస్తున్న ఒకతను బయటికి వచ్చి, "మా అమ్మ దాని మీదే పోయిందండి. మీరు పట్టుకుపోతే మాకు బెంగ తీరిపోద్ది" అన్నాడు. మావైపు మనిషి పోయిన మంచాన్ని ఇంట్లో ఉంచరు. కర్మ అయ్యాక ఎవరికైనా ఇచ్చేస్తారు, పుచ్చుకునేవాళ్ళు దొరక్కపోతే పారేస్తారు. భిలాయి వచ్చి మావాళ్ళు సగం తెలుగు మర్చిపోయారు గానీ ఇది మాత్రం మర్చిపోలేదు. ఒక అడుగు వెనక్కి వేశాను. ఇన్నాళ్ళూ నేను రుద్దినవన్నీ అవేనా!

చలమ్మత్త ఆ అబ్బాయిని అడిగారు. "మీయమ్మ పేరేటి బాబూ?"

"పైడమ్మండి."

"ఏటంటే ఇష్టం ఆవిడికి?"

తల్లి గురించి అంతవరకు అతన్ని ఎవరూ అలా అడిగినట్టు లేదు. "జంతికలండి. పళ్ళు ఊడిపోయినా చప్పరించేది" అని, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

మంచాన్ని రిక్షా మీద కట్టాం. రిక్షా అతను ఛత్తీస్‌గఢీ మనిషి, ముసలివాడు. అనుమానంగా చూసి "కిసీ కే మర్‌నే కా ఖాట్ హై క్యా, అమ్మా?" అని అడిగాడు, ఎవరో పోయిన మంచమా అని. కాదంటే పోయేది. ఈవిడ "హాఁ భయ్యా, పైడమ్మ నామ్ థా" అన్నారు. ఇక దింపేస్తాడని నేను అనుకుంటుంటే, అతను తలపాగా సర్దుకుని "తో ధీరే చలాతా హూఁ" అని నెమ్మదిగా తొక్కడం మొదలుపెట్టాడు. మేమిద్దరం వెనక నడిచాం. భయమంతా ఎక్కడ పోయిందో తెలియదు, దారిపొడుగునా నాకు జంతికలే గుర్తొచ్చాయి.

పైడమ్మ మంచం విప్పుతున్నప్పుడే చలమ్మత్త తన సంగతి చెప్పారు. చెప్తున్నంతసేపూ చెయ్యి ఆపలేదు.

"మా ఆయన నెల్లాళ్ళు మంచం మీదున్నాడు. డ్యూటీ నుంచి వచ్చి ఆ పట్టె పట్టుకునే కూకునీదాన్ని. ఆయన పోయాక మా మరుదులు వచ్చి దాన్ని ఎత్తుకెళ్ళి రైలుగేటు అవతల పడేసినారు. నేను లోపల్నే ఉన్నాను. నన్నడగలేదు. మర్నాడు ఎల్లి చూస్తే లేదు. ఎవరు పట్టుకుపోనారో, ఎవరి పొయ్యిలోకి పోనాదో."

"మీరు ఒద్దనలేకపోయారా అత్తా?"

"ఏటని అంటాను? ఆచారం కదా. ఆసుపత్రిలో రోజూ చూస్తన్నాను, అక్కడ ఒకరు పోయిన మంచం మీదే దుప్పటి మార్చి ఇంకొకర్ని పడుకోబెడతాం. బతుకుతారు కూడాను. ఇంటికొచ్చీసరికి అది పనికిరాదు!"

మంచాన్ని బల్ల ఎందుకు చేస్తారని అడిగాను. మంచం ఒక్క మనిషికేనని, బల్లయితే పక్కన ఇంకొకరు కూర్చోవచ్చని అన్నారు. ఆ మాట విని నాకు నిజంగానే దుఃఖం వచ్చింది. ఆ పక్కన కూర్చోవడానికి ఆవిడకు ఉన్నది నేను, నాకు ఉన్నది ఆవిడ.

నాలుగైదేళ్ళు అలా గడిచాయి. తర్వాత ఆవిడ రిటైరయ్యారు. క్వార్టర్ అప్పగించాలి. భిలాయి-3లో రైలు స్టేషన్ దగ్గర ఒక గది అద్దెకు చూసుకున్నారు. అందులో ఒక మంచం, ఒక స్టవ్ పడితే గొప్ప. బల్లలు, పీటలు అన్నీ అరుగు మీద పెట్టి, కావలసినవాళ్ళు ఊరికే తీసుకెళ్ళండని చెప్పారు. ఎవరూ తీసుకోకపోతే అవి పాతసామాన్లు కొనే కబాడీవాడి బండెక్కి పొయ్యిల్లోకి పోతాయి. రైలుగేటు దగ్గర పోగొట్టుకున్నది ఆవిడ మళ్ళీ ఒకసారి పోగొట్టుకోవాలన్నమాట.

జనం బాగానే వచ్చారు. అంత నున్నటి టేకు బల్ల ఊరికే వస్తే ఎవరికి చేదు? ఒక ఆఫీసరుగారి భార్య, పైడమ్మ మంచంతో చేసిన బల్లను అటూ ఇటూ తడిమి చూసి, మా వరండాకి అతికినట్టు సరిపోతుందన్నారు. చలమ్మత్త తన మానాన తాను చెప్పేశారు.

"ఇది క్యాంప్ 2లో పైడమ్మ గారి మంచమమ్మా. ఆవిడ దీని మీదే పోయినారు. జంతికలంటే ప్రాణం."

ఆఫీసరుగారి భార్య చెయ్యి చప్పున వెనక్కి వెళ్ళింది. "మా అత్తగారు ఒప్పుకోరండీ" అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరిదీ అదే వరస. ఒకరికి అత్తగారు, ఒకరికి ఆయన, ఒకరికి వాస్తు. నాకు కోపం ఆగలేదు.

"ఎందుకు చెబుతారత్తా? వాళ్ళు అడిగారా? చెప్పకపోతే హాయిగా పట్టుకెళ్ళి వాడుకుంటారు కదా!"

"చెప్పకపోతే మరి పైడమ్మ ఎక్కడుంటాది?" అన్నారు.

ఆఖరి రోజున కబాడీవాడు వచ్చాడు. అతను ఒక్కొక్కటీ బండెక్కిస్తుంటే ఈవిడ పక్కన నిలబడి, యే అప్పన్న కా, యే నీలమ్మ కా అని ఆ మంచాల మీద పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతూ వచ్చారు. అతనికి ఏం చెయ్యాలో తోచక ప్రతి పేరుకీ "జీ, మాతాజీ" అంటున్నాడు. నేను చూడలేకపోయాను. పైడమ్మ బల్లను మా ఇంట్లోకి ఈడ్చుకొచ్చాను. ఆ గదుల్లో అంతకు మించి చోటు లేదు. మావారు కొన్నాళ్ళు దానికి ఆమడ దూరంలో నడిచారు. తర్వాత ఒక ఉదయం డ్యూటీ నుంచి అలిసిపోయి వచ్చి, బూట్లు విప్పుకోవడానికి దాని మీదే కూలబడ్డారు. నేను చూడనట్టే ఊరుకున్నాను.

భిలాయి-3 గదికి వీలైనప్పుడల్లా వెళ్ళేదాన్ని. అక్కడ పెరడు లేదు, పనిముట్లు అటక మీద మూటకట్టి ఉండేవి. ఆవిడ పడుకునే నవారు మంచం ఒక కోడు పొట్టి, కూర్చుంటే కుంటేది. ఊరందరి మంచాలూ బాగుచేసి మీదాన్ని ఇలా వదిలేశారేమని దెబ్బలాడాను.

"ఉండనీయమ్మా. పొర్లితే అటు కదుల్తాది. పక్కన ఇంకెవరో తిరిగి పడుకున్నట్టుంటాది" అన్నారు. తిరుగు రైలు ఎక్కి కూర్చున్నాక గానీ నాకు ఆ మాట పూర్తిగా అర్థం కాలేదు. నా ఒంటరితనానికి ఆవిడ మందు వేశారు. ఆవిడ ఒంటరితనం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆవిడ పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నేనూ మావారూ వెళ్ళేసరికి కర్మ కూడా అయిపోయింది. విజయనగరం నుంచి వచ్చిన ఆవిడ అక్క కొడుకు గది ఖాళీ చేస్తున్నాడు. మంచం గేటు బయట ఎండలో పడి ఉంది.

"దాన్ని ముట్టుకోకండి. మా పిన్ని దాని మీదే పోయింది. కబాడీవాణ్ణి రమ్మన్నాను" అన్నాడు.

"నాకివ్వండి."

"దేనికండీ?"

"పడుకోవడానికి."

అతను మావారి వైపు చూశాడు, ఈవిడకేమైనా మతి తప్పిందా చెప్పండన్నట్టు. మావారు చొక్కా చేతులు మడుచుకుని వెళ్ళి మంచానికి రెండో పక్క పట్టుకున్నారు.

దాన్ని నేను బల్ల చెయ్యలేదు, మంచంగానే ఉంచాను. ఇప్పటికీ దాని మీదే పడుకుంటాను. ఎవరైనా ఇంటికొచ్చి దాని మీద కూర్చుంటే, వాళ్ళు అడగకపోయినా చెబుతాను, ఇది సింహాచలమ్మ గారిది, ఆవిడ దీని మీదే పోయారు అని. కొందరు చటుక్కున లేచి కుర్చీలోకి మారిపోతారు. నేనేమీ అనుకోను. ఆవిడ పేరు అప్పటికే విన్నారు కదా.